మూత మూసిన కంప్యూటరు

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుకొనే విద్యార్థి రాత్రి ల్యాప్‌టాప్ మూత మూసి, అశోక్‌నగర్‌లోని తన గదికి పోయి తెరిస్తే, వదలిన వాక్యం వదలినచోటనే ఉంటుంది. ఈ చిన్న సౌకర్యానికి పెద్ద చరిత్రయే ఉన్నది.

1992లో ఇంటెల్, మైక్రోసాఫ్టు సంస్థలు తెచ్చిన ఏపీఎం పద్ధతిలో యంత్రాన్ని నిద్రపుచ్చే పని బయోస్‌ది, అనగా తయారీదారు యంత్రంలో పొదిగిన మూల ఆదేశాలది. ఏ పని ఎంతవరకు వచ్చినదో ఎరిగినది మాత్రం ఆపరేటింగ్ సిస్టం. లోపల యజమాని వ్రాసుకొంటూండగా కాపలావాడు దీపమార్పినట్లు ఒక్కొక్కప్పుడు జరిగేది. 1996 డిసెంబరులో తోషిబా కూడ చేరి ఏసీపీఐని ప్రకటించగా, పెత్తనం ఆపరేటింగ్ సిస్టంకు దక్కినది.

పెత్తనంతోపాటు చాకిరీయు వచ్చినది! నిద్రకు ముందు అది పనులను నిలిపి, ప్రతి పరికరపు స్థితిని మెమరీలో దాచి, మెమరీకి తప్ప దాదాపు అన్నింటికి విద్యుత్తు ఆపవలెను. మేల్కొన్న పరికరానికి తన పూర్వస్థితి తెలియదు. డ్రైవరు అనే ప్రోగ్రామే గుర్తుచేయవలెను. ఒక్క డ్రైవరు తప్పినా తెర నల్లగా ఉండిపోవచ్చును.

2012లో విండోస్ 8 వచ్చిన పిమ్మట పెక్కు యంత్రాలకు ఆ గాఢనిద్రయు పోయి కోడికునుకే మిగిలినది. ఏ నిద్రలోనైనా బ్యాటరీ తరుగుతూనే ఉంటుంది. అడుగంటితే భద్రపరచని వ్రాత పోవచ్చును. మెమరీనంతా డిస్కుకు ఎక్కించి పూర్తిగా ఆరిపోయే హైబర్నేషను మేల్కొనడంలో మందమే గాని, విద్యుత్తు కోరదు. నారాయణగూడ మీదుగా కాచిగూడ స్టేషనుకు పోయి రాత్రి రైలెక్కే విద్యార్థికి అదే నయం.