బాగ్దాదు శ్రమలు

ఆగమనకాలపు తొలి ఆదివారము సమీపించుచున్నది గనుక, ప్రభువు రెండవ రాకడనుగూర్చియు, సంఘము ఎత్తబడుటనుగూర్చియు, మహాశ్రమలనుగూర్చియు, దేవుని ఉగ్రతనుగూర్చియు చారిత్రకముగా నాలుగు మాటలు వ్రాసి శుక్రవారములోగా పంపవలసినదని సంపాదకులవారు సెలవిచ్చిరి. రెండువేల యేండ్ల చరిత్రను శుక్రవారములోగా ముగించుట మహాశ్రమలలో చేరునో చేరదో వేదపండితులే తేల్చవలెను.

అపొస్తలుడైన పౌలు క్రీ.శ. 50 ప్రాంతమున థెస్సలొనీక సంఘమునకు వ్రాసిన తొలి పత్రికలో, ఆప్తులను పోగొట్టుకొని కుములుచున్నవారిని ఓదార్చుటకై, రాకడనాడు మృతులైన విశ్వాసులు ముందుగా లేతురనియు, బ్రదికియున్నవారు వారితో కలిసి మేఘములయందు ప్రభువును ఎదుర్కొందురనియు చెప్పెను. ఓదార్పునకై పుట్టిన ఈ మాటయే తరువాత తర్కమునకు ఆకరమయ్యెను. రెండవ శతాబ్దపు ఐరేనియస్, క్రీస్తువిరోధి చేతిలో సంఘము బాధపడిన పిమ్మటనే ప్రభువు వచ్చి భూమిని వెయ్యేండ్లు ఏలునని నమ్మెను. ఐదవ శతాబ్దమున అగస్టీను, ఆ వెయ్యేండ్లు సంఘము నడచుచున్న ఈ కాలమేయని వ్యాఖ్యానించి, లెక్కలు వేయువారి వ్రేళ్ళకు విశ్రాంతి కల్పించెను. ఆ విశ్రాంతి ఇంచుమించు వేయి సంవత్సరములు సాగినది. నడుమ కలాబ్రియా సన్యాసి యోవాకీము వేసిన యుగవిభాగములను, 1534లో మ్యూన్‌స్టరు నగరమును నూతన యెరూషలేముగా ప్రకటించి మరుసటి యేట రక్తపు మడుగులో ముగిసిన ఉద్రేకమును తలచుకొని, మనము నేరుగా పందొమ్మిదవ శతాబ్దమున దిగవచ్చును.

అచ్చట నాకు మిక్కిలి ప్రియుడైన మనుష్యుడు పండితుడు కాడు, పండ్ల వైద్యుడు. ఇంగ్లండులోని ఎక్సెటరు పట్టణమున మంచి రాబడినిచ్చు వృత్తిని విడిచి, ఏ మిషను సంఘపు జీతమునకును లోబడక, భార్య మేరీతోను బిడ్డలతోను, పిల్లలకు చదువు చెప్ప వెంటవచ్చిన జాన్ కిట్టో అను చెవిటి యువకునితోను, రష్యా మీదుగా కాకససు కనుమలు దాటి 1829 డిసెంబరులో బాగ్దాదు చేరిన ఆంథొనీ నారిస్ గ్రోవ్స్, అచ్చట ఒక చిన్న బడి పెట్టుకొని, ప్రభువు రాకడ సమీపమున నున్నదను నమ్మికతో కాలము గడుపుచుండెను. 1831 మార్చి మాసాంతమున నగరమున తెగులు ప్రవేశించినది. బ్రిటిషు రెసిడెంటుగానున్న మేజర్ టేలరు తనతో పడవలో బస్రాకు రమ్మని పిలిచినను, ప్రార్థించి, ఆలోచించి, గ్రోవ్స్ దంపతులు కదలలేదు. దినమునకు వేయిమందికి మించి చనిపోవుచుండగా, పాతిపెట్టువారు కరవై, దిక్కులేని పసిబిడ్డలు వీధులలో పడియుండగా, ఏప్రిలు చివర టైగ్రిస్ నది పొంగి నగరపు గోడను కూల్చి, ఒక్క రాత్రిలో ఏడు వేల యిండ్లను నేలమట్టము చేసెనని గ్రోవ్స్ తన దినచర్యలో వ్రాసికొనెను. వ్యాధిగ్రస్తులు, ఆరోగ్యవంతులు, అప్పటికే మృతులైనవారు ఆ శిథిలముల క్రింద ఏకమైరి. నీరు తీసినదో లేదో, దావూదు పాషాను గద్దె దింపవచ్చిన సుల్తాను సేన నగరమును ముట్టడించినది. ప్రకటన గ్రంథము ముద్రలకును, బూరలకును, ఉగ్రత పాత్రలకును ఒక వరుసనైనను పాటించినది. బాగ్దాదునకు ఆ పాటి మర్యాద దక్కలేదు.

మే 14వ తేదీన మేరీ మరణించినది. గ్రోవ్స్‌కును తెగులు సోకి విడిచినది. వేసవి ముగియకమున్నే తల్లిలేని పసికూతురును పోయినది. పౌలు ఏ దుఃఖితులకై ఆ మాట వ్రాసెనో సరిగా అట్టి దుఃఖములో నుండి ఈ పండ్ల వైద్యుడు దానిని చదువుకొన్నాడు గనుకనే కాబోలు, అతని దినచర్యలో రాకడ ఒక కాలపట్టికగా గాక, పోయినవారిని మరల చూచు దినముగా కనబడును.

అదే 1831 అక్టోబరులో, ఐర్లండులోని విక్లో ప్రాంతమున, లేడీ పవర్స్‌కోర్ట్ భవనమున ప్రవచన పండితులు తొలిసారి సమావేశమైరి. గ్రోవ్స్ మిత్రుడు, న్యాయశాస్త్రము చదివి మతగురువైన జాన్ నెల్సన్ డార్బీ వారిలో నుండెను. దానియేలు గ్రంథములోని దినములను దినములుగా గణింపవలెనా, సంవత్సరములుగా గణింపవలెనా యని ఆ కాలపు ప్రవచన పండితులు తర్కించుచుండిరి. తదుపరి సంవత్సరములలో డార్బీ, సంఘము పరలోక సంబంధమైనదనియు, మహాశ్రమలు ఇశ్రాయేలు వృత్తాంతమునకు చెందినవనియు, కనుక ఆ శ్రమలకు ముందే సంఘము ఎత్తబడుననియు స్థిరపరచెను. ప్లిమత్‌లో అతని సహచరుడైన బెంజమిన్ న్యూటన్, సంఘము శ్రమలగుండా పోవలసినదేయని పట్టుపట్టెను. ఇట్టి విభేదములు ముదిరి, 1840లలో, ప్లిమత్ సహోదరులని పిలువబడిన ఆ విశ్వాసులు చీలిపోయిరి. ప్రభువు వచ్చి తమను ఏకముగా కొనిపోవునని ఎదురుచూచువారు ఒక్క బల్లయొద్ద కూర్చుండలేకపోవుట నాకు కొంత వినోదముగను, మరికొంత విచారముగను తోచును. ఆ ప్రమాదమును గ్రోవ్స్ ముందే పసిగట్టి, 1836లో డార్బీకి వ్రాసిన లేఖలో, సహవాసమునకు సిద్ధాంతైక్యము గాక క్రీస్తునందలి జీవమే ఆధారము కావలెనని హెచ్చరించెను.

ఆ 1836లోనే గ్రోవ్స్ తనవెంట విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులను భారతదేశమునకు తీసికొనివచ్చెను. వారు మచిలీపట్నము చేరి, ఆనకట్ట ఇంకను కట్టని గోదావరి డెల్టాలో నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో స్థిరపడిరి. గ్రోవ్స్ చిత్తూరులో భూమి తీసికొని, పట్టుపురుగులను పెంచి, ఆ వ్యవసాయములో నష్టపోయెను. బాగ్దాదును తట్టుకొనినవానిని మల్బరీ తోట ముంచినది.

ఇక ఆధునిక కాలమునకు వచ్చితిమా, కథ చేతికి చిక్కదు. డార్బీ వాదము అట్లాంటిక్ దాటి 1909 నాటి స్కోఫీల్డు బైబిలు పాదసూచికలలో చేరి, మూలముతో సమానమైన గౌరవము సంపాదించినది. 1948లో ఇశ్రాయేలు రాజ్యము ఏర్పడినంతనే గడియారము కదలినదనిరి. 1956లో జార్జి లాడ్ అను అమెరికా పండితుడు, శ్రమల పిమ్మటనే రాకడయని పాత మాటను పునరుద్ధరించెను. 1970లో అంత్యకాలమునుగూర్చి హాల్ లిండ్సే వ్రాసిన పుస్తకము లక్షలుగా అమ్ముడుపోయినది. 1995లో మొదలైన నవలలు ఎత్తబడుటను విమానములలో ఖాళీయైన సీట్లుగా చూపినవి. 2011 మే 21న రాకడయని హెరాల్డ్ క్యాంపింగ్ అను రేడియో ప్రసంగీకుడు చాటగా, ఆ దినము మామూలుగానే గడచినది. అతడు దానిని అక్టోబరునకు జరిపెను.

శ్రమలకు ముందు, మధ్య, పిమ్మట అను మూడు పక్షములు చాలవన్నట్లు, 1990లో మార్విన్ రోసెంతాల్, మనుష్యులవలన కలుగు శ్రమలు వేరు, దేవుని ఉగ్రత వేరనియు, సంఘము మొదటిదానిని అనుభవించి, రెండవదానికి ముందు తప్పించబడుననియు నాలుగవ పక్షము లేవనెత్తెను. విశ్వాసులు ఉగ్రతకు నియమింపబడలేదన్న పౌలు మాటను నాలుగు పక్షములవారును తమ సాక్ష్యముగనే చూపుచున్నారు. సువార్త కూటములలో వ్రేలాడదీయు యుగముల పటమును వ్రాయు చిత్రకారుడు మాత్రము, ఎత్తబడుట గీతను ఎక్కడ గీయవలెనో ఏ సంఘమువారు సొమ్ము చెల్లించుచున్నారో తెలిసికొని గీయవలసినదే.