సీమ రుచి

తిరుపతికి వచ్చిన యాత్రికుడు స్వామిదర్శనము చేసికొని కొండ దిగిన పిమ్మట, ఈ సీమకే సొంతమైన భోజనమేదని యడిగినచో, ఊరివారు తడుముకొనక చెప్పునది రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి, నాటుకోడి పులుసు. అయినను ఆ విస్తరిలోని వస్తువుల వంశావళిని విచారించినచో, అందు ప్రధానమైనవి పెక్కు పరదేశములనుండి వచ్చి యిచట స్థిరపడినవేయని తేలును. రాగి తూర్పు ఆఫ్రికా మెట్టభూములనుండి అతిప్రాచీనకాలముననే వచ్చినది. ఊరిబిండికి ప్రాణమైన చెనిక్కాయ దక్షిణ అమెరికాది. దానికి కారమిచ్చు మిరపకాయ మెక్సికోది.

మిరపకాయను మన దేశమునకు తెచ్చినవారు పోర్చుగీసువారు. వారి నావికుడు వాస్కో డ గామా కోళికోడు తీరమున దిగినది 1498 లో; తాళ్లపాక అన్నమాచార్యులు పరమపదించినది 1503 లో. కనుక వేంకటేశ్వరుని నైవేద్యములను కన్నులార కాంచిన యా వాగ్గేయకారుడు మిరపకాయ రుచి నెఱుగకయే జీవించెననవచ్చును. ఆ కాలపు తిరుమల శాసనములలో అప్పములు, అతిరసములు, వడలు, వంటకు వలసిన మిరియములు కానవచ్చును. నాటివారికి కారమనగా మిరియమే. కృష్ణదేవరాయలు చివరిసారి తిరుమల దర్శించిన 1521 లోనే, సముద్రముల కావల మెక్సికో రాజధానియైన తెనోచ్తిత్లాన్ స్పెయినువారి చేజిక్కినది. అచటి కాయ యిచటికి చేరగా, మనవారు దానికి మిరియము పేరునే కొంత మార్చి పెట్టి, ఇంటిదానిగా చేసికొనిరి. మన బాలురు రాళ్లు రువ్వి రాల్చుకొని తిను సీమచింతకాయ కూడ మెక్సికో సంతతియే. అకపుల్కో రేవునుండి మనీలాకు నడచిన స్పెయిను ఓడల పుణ్యమున అది ఆసియాకు వచ్చినదందురు.

విత్తనము ప్రయాణించినంత సులభముగా విద్య ప్రయాణింపదు. మెక్సికో స్త్రీలు మొక్కజొన్నలను సున్నపునీట నుడికించి, రాత్రియంతయు నాననిచ్చి, కడిగి, ఱాతిపై నూఱి, ఆ ముద్దను చేతులతో తట్టి మట్టిపెనముపై కాల్చు రొట్టె తోర్తియా. ఆ సున్నమువలన పిండికి జిగియు, గింజలో బంధింపబడిన నయాసిన్ అను పోషకమునకు విముక్తియు కలుగును. యూరపువారు గింజను కొనిపోయిరి గాని సున్నపు మర్మమును కొనిపోలేదు. ఫలితముగా ఇటలీ, స్పెయిను దేశముల బీదలు మొక్కజొన్ననే నమ్ముకొని పెల్లాగ్రా వ్యాధికి లోనైరి. నేడు మెక్సికోలో సైతము మంచి తోర్తియాను వెదకువాడు గింజ యెచటిదని యడుగుటకు ముందు, ఇంట నానవేసి నూఱినదా, సంచిలోని పొడిపిండితో చేసినదా యని యడుగును.

మన సంగటికిని ఇట్టి పరీక్షయే తగును. నూకలు మెత్తగా నుడికిన కుండలో రాగిపిండిని కుప్పగా పోసి, కదపక మూతపెట్టి, పిండి ఆవిరికి మగ్గిన పిమ్మట ఉండలు కట్టకుండ తెడ్డుతో కెలికి, తడిచేతితో ముద్ద చేయుట చూచుటకు సులభమేగాని, ఆ తెడ్డు తిప్పుటలో తల్లినుండి కూతురికి దిగివచ్చిన బలమును నేర్పును కలవు. వేయించిన చెనిక్కాయలు, మిరపకాయలు, చింతపండు రోటిలో నలిగిన తీరునుబట్టి ఊరిబిండి రుచి మాఱును. యంత్రము దానిని నున్నగా చేయునేగాని, రోకలిపోటునకు చిట్లిన పలుకుల రుచి నీయజాలదు.

పరదేశమునుండి వచ్చినదానికి సీమచింత, సీమవంకాయ యని సీమ చేర్చి పేరిడుట మన వాడుక. మన నేలకును సీమయే పేరు. దీనికి రాయలసీమ యను పేరు 1928 నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారి ప్రతిపాదనవలన వచ్చినది. మిరపకాయ అంతకు శతాబ్దములముందే మన పొలముల వేరూనియుండెను. పేరుకంటె ముందు వచ్చినదానిని పరాయిదనుట న్యాయముకాదు. వేడిసంగటి నడుమ గుంట చేసి పులుసు పోసికొనువాడు ఈ సీమ యేది, ఆ సీమ యేదని విచారింపడు. కంట నీరు తిరిగినను, ముద్ద మాత్రము విడువడు.