సూదుల తోట: జ్యూరిక్ నగరం నేర్చుకున్న పాఠం

జ్యూరిక్ అనగానే మీకు బ్యాంకులు, గడియారాలు, అద్దంలాంటి వీధులు గుర్తుకు రావచ్చు. ఆ నగరపు ప్రధాన రైల్వే స్టేషనుకు కూతవేటు దూరంలో, రెండు నదులు కలిసే చోట, ప్లాట్జ్‌స్పిట్జ్ అనే ఉద్యానవనం ఉంది. 1980ల చివరి సంవత్సరాలలో దానికి లోకం పెట్టిన పేరు 'సూదుల తోట'. రద్దీ రోజులలో రెండు మూడు వేల మంది అక్కడ చేరి, హెరాయిన్‌ను బహిరంగంగా కొని, చెట్ల కిందనే నరాలలోకి ఎక్కించుకునేవారు. కొందరు ఇళ్ళ నుండి, ఉద్యోగాల నుండి వచ్చి పోయేవారు. ఇల్లు పోగొట్టుకున్నవారికి మాత్రం ఆ నేలే పడక.

అంతకుముందు పోలీసులు వీరిని ఒక కూడలి నుండి మరొక కూడలికి తరుముతూ వచ్చారు. చివరకు అందరూ ఒకచోట ఉంటే మేలని అధికారులు ఆ తోటను చూసీచూడనట్లు వదిలేశారు. అది ఎయిడ్స్ ప్రబలుతున్న కాలం. ఒకే సూదిని పలువురు వాడడమే వ్యాధి వ్యాప్తికి రాజమార్గం. అయినా 1985లో అక్కడి ప్రాంతీయ ప్రభుత్వ వైద్యాధికారి, వ్యసనపరులకు శుభ్రమైన సిరంజిలు ఇచ్చే వైద్యుల అనుమతి రద్దు చేస్తామని హెచ్చరించారు. వందలాది వైద్యులు ఆ ఆజ్ఞను బాహాటంగా ధిక్కరించారు. మరుసటి సంవత్సరమే నిషేధం తొలగింది. 1988 నుండి ఆచార్య పీటర్ గ్రోబ్ నాయకత్వంలో ఒక వైద్య బృందం ఆ తోటలోనే సిరంజిలు పంచింది, హెపటైటిస్-బి టీకాలు వేసింది, మోతాదు మించి ఊపిరి ఆగినవారిని బ్రతికించింది. 1989లో ఎర్న్‌స్ట్ జీబర్ అనే మతబోధకుని సేవాసంస్థ, ఏ దిక్కూ లేని ఎయిడ్స్ రోగుల కోసం ఒక చిన్న ఆసుపత్రిని తెరిచింది.

1992 ఫిబ్రవరి 5న నగరపాలకులు తోట ద్వారాలు మూసివేశారు. తరువాత ఏమైందో గమనించండి.

హెరాయిన్‌కు అలవాటుపడిన శరీరం, చివరి మోతాదు అందిన ఆరు నుండి పన్నెండు గంటలలోనే తిరుగుబాటు చేస్తుంది. ఒళ్ళంతా నొప్పులు, వాంతులు, విరేచనాలు, చెమటలు, నిద్రలేమి. ద్వారం మూసినంత మాత్రాన ఆ గడియారం ఆగదు. ఆ వేలాది మంది చుట్టుపక్కల వీధులలోకి, ఇళ్ళ మెట్ల మీదికి చేరారు. కొంతకాలానికి అదే నది ఒడ్డున, వాడుకలో లేని లెట్టెన్ రైల్వే స్టేషను రెండవ సూదుల తోటగా మారింది. అమ్మకందారుల ముఠాల మధ్య హింస కూడా పెరిగింది. స్థలం మారింది, జబ్బు మారలేదు.

లెట్టెన్‌ను మూసినది 1995 ఫిబ్రవరి 14న. ఈసారి మూడవ తోట పుట్టలేదు. నడుమ ఉన్న మూడేళ్ళలో జరిగిన ఏర్పాట్లే ఇందుకు కారణం. నోటి ద్వారా రోజుకొక్కసారి తీసుకుంటే సరిపోయే మెథడోన్ మందు తేలికగా అందుబాటులోకి వచ్చింది. రాత్రి తలదాచుకునే వసతులు, సిబ్బంది పర్యవేక్షణలో సూది వేసుకునే గదులు ఏర్పడ్డాయి. ఎన్ని చికిత్సలు చేసినా నయంకాని దీర్ఘకాల రోగులకు వైద్యుల సమక్షంలో హెరాయిన్‌నే కొలిచి ఇచ్చే ప్రయోగం 1994లో మొదలైంది. ఇతర ఊళ్ళ నుండి వచ్చినవారి బాధ్యతను వారి స్వస్థలాలకు అప్పగించారు. అమ్మకందారులపై పోలీసుల ఒత్తిడి మాత్రం సడలలేదు.

నివారణ, చికిత్స, హాని తగ్గింపు, చట్టం అమలు. ఈ నాలుగింటినీ స్విస్ ప్రజలు 'నాలుగు స్తంభాలు' అన్నారు. 2008లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 68 శాతం మంది ఈ విధానాన్ని సమర్థించారు. 2006లో లాన్సెట్ పత్రికలో వెలువడిన అధ్యయనం ప్రకారం, జ్యూరిక్ ప్రాంతంలో కొత్తగా హెరాయిన్ మొదలుపెట్టినవారు 1990లో 850 మంది కాగా, 2002 నాటికి 150 మందికి తగ్గారు. చికిత్స పొందినవారంతా మానేశారని దీని అర్థం కాదు. చాలామంది ఏళ్ళ తరబడి మందు మీదనే ఉన్నారు. మధుమేహ రోగి ఇన్సులిన్ మీద బ్రతకడాన్ని మనం వైఫల్యం అనము కదా!

ఇందులో నివాసం మాట ఎందుకని మీరు అడగవచ్చు. నిద్రకు చోటు లేనివాడు మందును ఎక్కడ దాచుకుంటాడు? ఏ వేళకు వేసుకుంటాడు? చలిని, ఆకలిని, భయాన్ని మరిపించేది మత్తు ఒక్కటే అయినప్పుడు, దానిని వదలమనడం ఉత్త ఉపదేశమే. కొంతకాలం మానినవాడి శరీరం పాత మోతాదును తట్టుకోలేదు. తిరిగి వీధిలోనే పడితే, మళ్ళీ వేసుకున్న తొలి సూదే చివరిది కావచ్చు.

మన దేశంలోనూ ఇందుకు దారులు ఉన్నాయి. స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చే వ్యసనపరులకు, కొన్ని షరతులతో, మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షను విచారణ నుండి రక్షణ ఇస్తుంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఆధ్వర్యంలోని కేంద్రాలలో బుప్రెనార్ఫిన్, మెథడోన్ చికిత్స లభిస్తుంది. సలహా కోసం 14446 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

ఫ్లైఓవరు కింద, స్టేషను బయట మత్తులో పడి ఉన్నవారిని అక్కడి నుండి తొలగించమని మనం అడిగే ముందు, ఎక్కడికి అని కూడా అడుగుదాం. జ్యూరిక్‌లో 1992 నాటి మూసివేతకూ, 1995 నాటి మూసివేతకూ మధ్యనున్న తేడా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది.