కారు సర్వీసు బిల్లుకు మన పాత కొర్రీ



ప్రత్యేక సంచికకు సర్వీసు జ్ఞాపకాలు వ్రాసి పంపమని కార్యదర్శిగారు కోరినారు. ఆ మాట చెప్పగానే మా ఆవిడ నవ్వి, "మీ సర్వీసు సంగతి అందరికీ తెలిసిందే, కారు సర్వీసు సంగతి వ్రాయండి, నలుగురికీ పనికొస్తుంది" అన్నది. ఆలోచిస్తే ఈ రెండు సర్వీసులకూ సంబంధం ఉన్నది. అందుకే ఈ నాలుగు మాటలు.

నేను 1973లో గుమాస్తాగా చేరి 2008లో 58 ఏండ్లకు రిటైరయినాను. అందులో పదేండ్ల పాటు ఆఫీసు జీపు లాగ్ బుక్కు, మరమ్మతు బిల్లులు నా సీటులో ఉండేవి. ఆ రోజుల్లో బండికి చాకిరీ నిజంగానే ఎక్కువ. వారం వారం నిపుల్సుకు గ్రీజు కొట్టాలి. ప్లగ్గులు తీసి మసి తుడవాలి. పాయింట్లను గరుకు కాగితంతో రుద్దాలి. కార్బురేటరులో చెత్త పడితే విప్పి పెట్రోలుతో కడగాలి. ఎండాకాలం నంద్యాల నుండి గిద్దలూరు ఘాటు ఎక్కితే రేడియేటరులో నీళ్ళు మరిగేవి. అంబాసిడరు సంగతీ అంతే. 1957లో మొదలై 2014 దాకా తయారైన ఆ కారును ఏ ఊళ్ళో చింతచెట్టు కిందనైనా విప్పి బిగించగల మేస్త్రీలు ఉండేవారు.

అంత చాకిరీలోనూ మా ఆఫీసులో ఒక కట్టుబాటు ఉండేది. మేస్త్రీ ముందుగా ఎస్టిమేటు ఇవ్వాలి. దానిపై ఆఫీసరు శాంక్షను రావాలి. పని అయిన తర్వాత బండిలోంచి తీసిన పాత సామాను ఆఫీసుకు అప్పగించాలి. దాన్ని నేను రిజిస్టరులో ఎక్కించుకుంటేనే బిల్లు ముందుకు కదిలేది. పాత సామాను రాకపోతే కొర్రీ వేసి తిప్పి పంపేవాణ్ణి. నా చాదస్తం చూసి డ్రైవర్లు విసుక్కునేవారు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సుల నిబంధన తొలగించినారు. విదేశీ కంపెనీలు వచ్చినాయి, అద్దాల షోరూములు లేచినాయి. 2000 ప్రాంతానికి పొగ నియమాలు బిగిసి, కొత్త కార్లలో కార్బురేటరు పోయి ఇంజెక్షన్ పద్ధతి స్థిరపడింది. పాయింట్లు పోయినాయి, గ్రీజు నిపుల్సు చాలావరకు పోయినాయి. ఏడాదికొకసారో, పది వేల కిలోమీటర్లకొకసారో ఆయిలు, ఫిల్టర్లు మార్చి తక్కినవి తనిఖీ చేస్తే చాలునన్న కార్లు వచ్చినాయి. బండికి అవసరం తగ్గితే బిల్లూ తగ్గాలి గదా! జరిగింది వేరు. పాత పనులు పోయిన చోట కొత్త పేర్లతో పనులు వచ్చి చేరినాయి.

ఇక నా సంగతి. మా పెద్దబ్బాయి బెంగుళూరులో ఉంటాడు. 2019లో చిన్న కారు కొని, "బస్సు కోసం ఎండలో నిలబడొద్దు నాన్నా" అని మహానందిలో మా ఇంటి ముందు పెట్టి పోయినాడు. నడిపేది మా మేనల్లుడు. 2022లో మామూలు సర్వీసుకు ఒక డీలరు వద్దకు పోతిమి. మామూలు పనికి 4,300 రూపాయలన్నారు. కౌంటరులోని పిల్లవాడు బహు మర్యాదస్తుడు. "సార్, మీరు పెద్దవారు, ఘాటు రోడ్డులో పోతుంటారు, ఇవి కూడా చేయిస్తే నిశ్చింత" అని ఒక ప్యాకేజీ చెప్పినాడు. ఘాటు మాట వినేసరికి భయమేసి, చూపిన చోట సంతకం పెట్టినాను. సాయంత్రం బిల్లు 12,640 అయింది.

ఇంటికి వచ్చి కళ్ళజోడు పెట్టుకుని, కారుతో ఇచ్చిన పుస్తకం పక్కన పెట్టుకుని ఆడిట్ చేసినాను. ఇంజన్ లోపల కడిగినందుకు 950. ఇంజెక్టర్ల శుభ్రతకు 1,600. ఏ.సి. శుభ్రతకు 1,250. అడుగుభాగానికి తుప్పు పట్టని పూతకు 3,700. టైర్లలో నైట్రోజన్‌కు 240. చక్రాల అలైన్‌మెంటుకు 600. వెరసి 8,340. ఆ సర్వీసుకు చేయవలసిన పనులని పుస్తకంలో ఉన్న పట్టికలో వీటిలో ఒక్కటీ లేదు. అలైన్‌మెంటు ఒకటి ఒప్పుకోవచ్చు, టైరు ఒక పక్క అరుగుతున్నది. నైట్రోజన్ అంటారా, మనం పీల్చే గాలిలోనే నూటికి 78 పాళ్ళు అది. తుప్పు పూత సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్ళవారికి, మంచు కరగడానికి రోడ్లపై ఉప్పు చల్లే దేశాలవారికి ఉపయోగమే. నల్లమల కింద ఉన్న మాకు సముద్రమెక్కడ? మాకున్న బాధ దుమ్ము. దుమ్ము దారుల్లో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరు ముందుగా మార్చమని పుస్తకంలోనే ఉన్నది. అంత పెద్ద ప్యాకేజీలో ఆ మాట మాత్రం లేదు.

మా ఆవిడ అంతా విని, "ఇన్నేండ్లు అందరి బిల్లులకూ కొర్రీలు వేస్తిరే, మీ బిల్లుకు చదవకుండానే సంతకం పెట్టొస్తిరా?" అన్నది. జవాబు లేదు. డబ్బు పోయినందుకన్నా ఆ మాటకు ఎక్కువ సిగ్గుపడినాను.

ఇది మన ఊరికే పట్టిన జాడ్యం కాదు. 1941లో అమెరికాలో రీడర్స్ డైజెస్ట్ పత్రిక తరఫున ఇద్దరు దేశమంతా తిరిగి, కారులో ఒక కాయిల్ వైరు మాత్రం ఊడదీసి గ్యారేజీలలో చూపించినారు. 347 గ్యారేజీలలో 218 లేనిపోని పని చెప్పడమో, ఎక్కువ గుంజడమో చేసినాయి. 1992లో కాలిఫోర్నియా ప్రభుత్వం మారువేషపు గిరాకీలను పంపి, సియర్స్ అనే పెద్ద కంపెనీ గ్యారేజీలలో అవసరం లేని మరమ్మతులు అమ్ముతున్నారని ఆరోపించింది. అక్కడి సలహాదారులకు అమ్మకాన్ని బట్టి కమిషను, ఇంత అమ్మాలన్న లక్ష్యాలు ఉండేవి. గొడవయ్యాక కంపెనీ ఆ కమిషను ఎత్తివేసింది. లక్ష్యం మెడ మీద కూర్చుంటే మంచి పిల్లవాడు కూడా మనకు భయాన్నే అమ్ముతాడు.

మన దేశంలో 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలపై సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించింది. అసలు విడిభాగాలు, మరమ్మతుకు కావలసిన సమాచారం బయటి మెకానిక్కులకు అందనీయకుండా చేసి, గిరాకీని తమ డీలర్లకే కట్టిపడేస్తున్నారన్నది తప్పు. బయట మరమ్మతు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దనే షరతు కూడదని కూడా ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్ళకు పోయినాయి. అయినా మన చింతచెట్టు మేస్త్రీకి పని ఎందుకు తగ్గిందో ఆ తీర్పుతో నాకు బోధపడింది.

అసలు నష్టం నాకు మరుసటి ఏడు తెలిసింది. అదే పిల్లవాడు, "సార్, ముందు బ్రేకు ప్యాడ్లు అరిగినాయి, మార్చాలి" అన్నాడు. ఒకసారి మోసపోయినవాణ్ణి గదా, "ఏమీ అక్కరలేదు" అని బండి తెచ్చుకున్నాను. వారం తర్వాత గిద్దలూరులో పెండ్లికి ప్రయాణం. ఇంట్లో ఆడవాళ్ళు, పిల్లలు. బయలుదేరే ముందు రోజు, మా ఆఫీసు జీపు నడిపిన పాత డ్రైవరు పలకరించడానికి వచ్చి, మాటల్లో ఈ సంగతి విని చక్రం విప్పించి చూసినాడు. "సార్, ఇది నిజమే చెప్పినాడు. దీనితో ఘాటు దిగితే ఏమయ్యేది?" అన్నాడు. ప్యాడు అట్టముక్కంత మిగిలింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అక్కరలేని పని అమ్మడంలో ఉన్న పెద్ద అపకారం ఇదే. డబ్బు పోతే పింఛను మళ్ళీ వస్తుంది. నమ్మకం పోతే మన మేలు కోరి చెప్పిన మాట కూడా చెవికెక్కదు.

అందుకని అన్నీ నమ్మడమూ వద్దు, అన్నీ కాదనడమూ వద్దు. మన పాత ఆఫీసు కట్టుబాటే మందు. మొదట ఎస్టిమేటు కాగితం మీద తీసుకోండి. పుస్తకంలోని పట్టికతో పోల్చండి. పట్టికలో లేనిదానికి "ఎందుకు? చూపించు" అని అడగండి. తర్వాతే శాంక్షను, అనగా మీ సంతకం. నేను చెప్పనిది చేయరాదని ఆ కాగితంపైనే వ్రాయండి. మార్చిన పాత సామాను చేతికి అడిగి తీసుకోండి. బిల్లు తప్పక తీసుకోండి. బిల్లు ఇవ్వకపోవడం కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపారమే. అన్యాయం జరిగితే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. రెండేండ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.

పోయిన సర్వీసుకు నేను పుస్తకం చంకన పెట్టుకుని పోయినాను. పట్టిక ప్రకారం అడిగితే ఆ పిల్లవాడు ప్యాకేజీ మాట ఎత్తలేదు. బ్రేకు ప్యాడ్లు తానే విప్పించి చూపి, "ఇంకా ఒక ఏడాది వస్తాయి సార్" అన్నాడు. ఈసారి నమ్మినాను, కళ్ళతో చూసినాను గనుక. వెళ్ళేటప్పుడు, "మీరు ఏ డిపార్టుమెంటు సార్?" అని అడిగినాడు.

"బిల్లుల సీటు నాయనా" అన్నాను.