హాజీల జహాజులు కదిలిన బందరు

మన లక్సెట్టిపేట హాజీలు ఇప్పుడు శంషాబాద్‌లో విమానమెక్కుతారు. కుతుబ్ షాహీల జమానాలో గోల్కొండ హాజీల సఫర్ మచిలీపట్నం నుంచి. జహాజులో ఎర్ర సముద్రపు మోఖా దాకా పోయి, ఆపైన మక్కా దారి పట్టేవారు. ఫార్సీలో బందర్ అంటే రేవు. ‘బందరు’ అన్న పేరు అట్లా వచ్చిందే.

బచ్చాలకు చార్మినార్ చూపిస్తాం, ఆ సల్తనత్‌కు దౌలత్ మోసిన రేవును చూపించం! అక్కడ మొహల్లాల పేర్లలోనే తారీఖ్ ఉంది: డచ్చివాళ్ల వలందపాలెం, ఫ్రెంచివాళ్ల పరాసుపేట, 1611లో కొఠీ పెట్టిన ఇంగ్లీషువాళ్ల ఇంగ్లీషుపాలెం. 1864 నవంబరు 1 ఉప్పెన సుమారు 30 వేల జానులు తీసింది. డచ్ ఖబరస్తాన్‌లో రాళ్ల మీద చెక్కిన పేర్లు మాత్రం మిగిలాయి. మన హాజీల పేర్లు ఎవరు రాసిపెట్టారు?

మంచిర్యాలలో రైలెక్కితే విజయవాడ. అక్కడి నుంచి బందరు దగ్గరే.