గుండు బలమును కొలిచిన విధము

నెల్లూరు సముద్రతీరమున దుగరాజపట్టణము అను గ్రామము కలదు. 1626వ సంవత్సరమున ఇంగ్లీషు కుంపిణీవారు అచ్చట వర్తకస్థానము నెలకొల్పి, తమకు సాయపడిన ఆరుముగ మొదలియారు పేరిట దానిని ఆర్మగాన్ అని పిలిచిరి. పిమ్మట కొలదికాలమునకే చిన్నకోట కట్టి, పండ్రెండు ఫిరంగుల నెక్కించిరి. హిందూదేశమున ఇంగ్లీషువారు కట్టుకొనిన మొదటి కోట ఇదియే యని చరిత్రకారులు వ్రాయుదురు.

గుండు పెద్దదైనచో బలమును పెద్దదే యని నాటి సామాన్యాభిప్రాయము. ఇది యెంతవరకు సత్యమో తేల్చవలెనన్న గుండు వేగము తెలియవలెను. కంటికి కానరాని వేగమును కొలుచు టెట్లు? ఈ చిక్కును విప్పినవాడు బెంజమిన్ రాబిన్స్ అను గణితవేత్త. ఆయన బరువైన కొయ్యదిమ్మను ఊయలవలె వ్రేలాడదీసి, దానిపై తుపాకి కాల్చి, దిమ్మ యెంతవెనుకకు ఊగినదో కొలిచి, దానినిబట్టి గుండు వేగమును గణించెను. ముప్పాతిక అంగుళము వెడల్పుగల సీసపు గుండు సెకనుకు సుమారు 1,670 అడుగులు పోవుచున్నదని తేలెను. ఈ సంగతులను ఆయన 1742లో గ్రంథముగ ప్రకటించెను. ఆ రాబిన్సే 1750లో కుంపిణీవారి కోటలను చక్కబరచుటకై మన చోళమండల తీరమునకు వచ్చి, మరుసటి యేడు జులై 29న కడలూరి చెంతనున్న సెంట్ డేవిడ్ కోటలో మరణించెను.

తరువాతి శతాబ్దమున రివాల్వరు ప్రబలెను. శామ్యూల్ కోల్టు తన రివాల్వరునకు 1836లో అమెరికాలో పేటెంటు పొందెను. పిదప పలువెడల్పుల తూటాలు బయలుదేరినవి. బ్రిటిషు సైన్యము చిరకాలము వాడిన రివాల్వరు 455 రకము, అనగా అంగుళమును వేయిపాళ్లు చేసిన అందు 455 పాళ్లు. దాని గుండు 265 గ్రెయినులు. తులమునకు 180 గ్రెయినులు గనుక, ఇంచుమించు తులమున్నర. 1932లో ఆ సైన్యమే 38 రకమును గ్రహించెను. దాని గుండు 200 గ్రెయినులు, తులముకంటె కొంచె మెక్కువ.

ఈ రెంటిలో ఏది మేలు? గురి కాల్చు వినోదముగలవారు పలకలను వరుసగ నిలిపియు, ఇనుప రేకులను వ్రేలాడగట్టియు పరీక్షించి వాదులాడుట పరిపాటి. ఒకరు చిన్నగుండే గొప్ప యనిన, మరియొకరు పెద్దగుండే గొప్ప యందురు. చిత్రమేమన, ఇరువురును కన్నదే చెప్పుచుందురు.

ఒక లెక్క చూతము. 200 గ్రెయినుల గుండు సెకనుకు 600 అడుగులును, 100 గ్రెయినుల గుండు 1,200 అడుగులును పోవుచున్న వనుకొందము. బరువును వేగముతో గుణించిన రెండును సమానమే. కావున దిమ్మలో దిగబడినచో రెండును దానిని సమముగనే ఊపును. కాని పలకలను చీల్చు శక్తి వేరు. అది వేగమును వేగముతోనే గుణించి, ఆ ఫలమును బరువుతో గుణింపగా వచ్చునదాని ననుసరించి యుండును. ఆ లెక్కను చిన్నగుండు శక్తి రెండింతలు. దిమ్మ నడిగిన సమానమని చెప్పును. పలక నడిగిన చిన్నదే గెలిచిన దనును. గుండు మెత్తని సీసమైన చదునై ఆగును. లోహపు తొడుగున్న దూసికొనిపోవును. కావున పరీక్ష చెప్పు తీర్పు గుండునుగూర్చి యెంతయో, గురినుగూర్చియు నంతయే.

ఈ వాదము వినోదముతో నిలువలేదు. ఫిలిప్పైను దీవుల పోరాటములలో 38 తూటా తగిలినను శత్రువు ఆగుటలేదని అమెరికా సైనికులు మొరపెట్టుకొనిరి. అంతట 1904లో థాంప్సన్ అను సేనాధికారియు, లగార్డ్ అను సైనిక వైద్యుడును షికాగో కబేళాలో పశువులమీదను, వేరుగ మృతకళేబరములమీదను కాల్చిచూచి, 45కు తక్కువ కూడదని తీర్పు చెప్పిరి. 1911లో ఆ సైన్యము 45 పిస్తోలును గ్రహించెను. కాని పరీక్షింపబడిన పశువులు కొలదియే. గుండ్లు అన్నిటికిని ఒక్కచోటనే తగులలేదు. అట్టి పరీక్షపై వేలకొలది భటుల ప్రాణము లాధారపడెను.

బ్రిటిషువారు 1932లో దీనికి విరుద్ధముగ నడచుటకు కారణమున్నది. తేలికైన రివాల్వరుతో క్రొత్త సైనికుడు త్వరగ గురి నేర్చుకొనగలడని వారి యెంచుబడి. ఒకరు తగిలిన గుండు చేయు పనిని కొలిచిరి; ఒకరు గుండు తగులుటనే కొలిచిరి. ప్రశ్న వేరగుటచే జవాబును వేరయ్యెను.

ఇక దుగరాజపట్టణపు కోటకు మరలుదము. దాని పండ్రెండు ఫిరంగులును ఉండగనే, అచ్చటి ప్రధానోద్యోగియైన ఫ్రాన్సిస్ డే, మేలైన బట్టలు చౌకగ దొరకు తావు వెదకికొనుచు 1639లో మద్రాసు స్థలమును సంపాదించెను. కొలదికాలములోనే ఆర్మగాన్ విడిచిపెట్టబడెను. వర్తకులకు కావలసినది బట్ట. దానిని ఫిరంగులు తెచ్చి యీయలేదు. ఏది బలమైనదని అడుగుటకు ముందు, ఏ పనికి అని అడుగవలెను.