బ్రహ్మదేశ రాజకీయ చరిత్రము – అందు తెలుగువాని పద్దు

మన గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు నిండించుకొని రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ శుభసమయమున, సంచికకు ఒక వ్యాసము వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. ఊరి లెక్కలు వ్రాయుచు, తీరిక చిక్కినప్పుడు ఈ గ్రంథాలయపు బల్లమీదనే భారత భాగవతములును, ప్రబంధములును నాయంతట నేను చదువుకొన్నవాడను. కావ్యవిమర్శ నాబోటివాడు చేయదగినది కాదు. కావున లెక్కలవాని కంటికి కనబడు రీతిని ఒక పొరుగుదేశపు చరిత్రమును మీ ముందుంచ సాహసించుచున్నాను. ఆ దేశము బ్రహ్మదేశము. దానినే మనము బర్మా యందుము. 1989 నుండి అచ్చటి ప్రభుత్వము మయన్మార్ అని వ్యవహరించుచున్నది.

సముద్రమునకు దూరముగా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములందు నివసించు మనకు బర్మాతో నేమి పనియని మీరడుగవచ్చును. పాత మేడల ద్వారబంధములను చూపి “ఇది బర్మా టేకు” అని పెద్దలు చెప్పగా మీరు వినియే యుందురు. సూర్యాపేటను, కోదాడను తాకుచు పోవు మన రహదారి తుదకు చేరునది బందరు. గోలకొండ సుల్తానుల కాలమున ఆ బందరు రేవునుండియే ఓడలు నేతవస్త్రముల నెత్తుకొని పెగూకును, అరకానుకును, తెనస్సెరిముకును పోయెడివి. అంతకు పూర్వమే శ్రీనాథ మహాకవి హరవిలాసమున తన కృతిపతియైన అవచి తిప్పయసెట్టి వర్తకమును వర్ణించుచు తరుణాసీరి, తవాయి యను తావులను పేర్కొనెను. అవి దక్షిణ బర్మాలోని తెనస్సెరిము, తవాయ్ అని చరిత్రకారులు చెప్పుదురు. కాబట్టి ఆ దేశము మన సాహిత్యమునకును, మన బాటకును క్రొత్తది కాదు.

ఆంగ్లేయులు బర్మాను మూడు యుద్ధములలో మ్రింగిరి. 1824లో ఆరంభమైన మొదటి యుద్ధము 1826లో యాందబో సంధితో ముగిసెను. అరకాను, తెనస్సెరిము తీరములు వారి వశమయ్యెను. 1852లో రంగూనుతో గూడ దిగువ బర్మా వారిదయ్యెను. 1885లో మాండలే పట్టణమును పట్టుకొని, కడపటి రాజగు తీబాను మన దేశములోని రత్నగిరికి పంపివేసిరి. ఆయన 1916లో అచ్చటనే కన్నుమూసెను. ఇందులకు సరిజోడుగా మన కడపటి మొగలు చక్రవర్తి బహదూర్ షా 1862లో రంగూనులో బందీగా మరణించి యుండెను. మన రాజునకు వారి నేల, వారి రాజునకు మన నేల సమాధి స్థలములయ్యెను. తిలక్ మహాశయుడు 1908 నుండి 1914 వరకు మాండలే చెరసాలలో నుండి గీతారహస్యమును వ్రాసిన సంగతి మీ రెరుగుదురు. 1886 జనవరి 1 మొదలు 1937 ఏప్రిల్ 1 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రముగా నుండెను.

ఇక లెక్కల పుస్తకము తెరచెదను. ఐరావతీనది పాయల నడుమ నున్న లంకభూములు వరికి పుట్టినిండ్లు. ఆంగ్లేయుల పాలనలో అడవులు నరికి ఆ నేలనంతయు సాగులోనికి తెచ్చిరి. రెండవ ప్రపంచ యుద్ధమునకు ముందు ప్రపంచమున నెల్ల అధికముగా బియ్యము ఎగుమతి చేయు దేశము బర్మాయే. సంవత్సరమునకు సుమారు ముప్పది లక్షల టన్నులు ఓడలకెక్కెడివి. అడవి నరికి, మడి కట్టి, నాటు వేసినవాడు బర్మా రైతు. పెట్టుబడి నిచ్చినవారు తమిళ దేశపు చెట్టియార్లు. మిల్లులును, ఓడలును దొరలవి. ధర బాగున్నంత కాలము అప్పు తీరుచు వచ్చెను. 1930 ప్రాంతమున ప్రపంచమంతట ధరలు పడిపోగా ధాన్యపు వెలయు సగమునకు దిగజారెను. రైతు అప్పు తీర్పలేక పోయెను. భూమి తనఖా నుండి అమ్మకమునకు వచ్చెను. 1930లో దిగువ బర్మాలోని పదుమూడు ముఖ్యమైన వరి జిల్లాలలో చెట్టియార్ల చేతనున్న సాగుభూమి నూటికి ఆరు పాళ్లు. 1937 నాటికి అది నూటికి ఇరువదియైదు పాళ్లయ్యెను.

పహాణీ చూచినవారికి ఇందలి అర్థము వేరుగా చెప్పనక్కరలేదు. పట్టాదారు గడిలో ఒక పేరు, అనుభవదారు గడిలో వేరొక పేరు నుండుట మన తెలంగాణములో మనము చూడని వింత కాదు. ఆ రెండు గడుల నడుమ నున్న సన్నని గీతయే ఒక్కొక్కనాడు నెత్తుటి యేరగును. బర్మా రాజకీయ చరిత్రమంతయు ఆ గీత వెంబడి నడచినదే యని నా అభిప్రాయము.

అయితే ఈ రెండు గడులలో దేనియందును లేని మూడవవాడొకడు కలడు. అతడే తెలుగు కూలి. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము రేవులలో పొగయోడ నెక్కి ఉత్తరాంధ్ర, గోదావరి ప్రాంతముల పేదలు వేలకొలది “రంగం” పోయెడివారు. రంగూనును మనవారు రంగమనిరి. మేస్త్రీ ముందుగా కొంత సొమ్మిచ్చి ఓడ చార్జీ కట్టును. అచ్చట దిగినది మొదలు ఆ బాకీ కూలిలో విరుగుకొనుచు నుండును. రేవులో బస్తాలు మోయుట, ధాన్యపు మిల్లులలో పనిచేయుట, రిక్షా లాగుట, వీధులూడ్చుట మనవాని వృత్తులు. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేరుమీదుగా బర్మావారు తెలుగువానిని “కోరంగీ” అని పిలిచిరి. 1931 జనాభా లెక్కలలో బర్మాలో భారతీయులు పదిలక్షలకు పైబడి యుండిరి. అందు తెలుగువారు లక్షన్నరకు పైమాట. రంగూను నగరములో సగమునకు మించి భారతీయులే. తన రాజధానిలో తానే తక్కువ సంఖ్యవాడైన బర్మావాని మనస్సు ఎట్లుండునో ఊహింపుడు.

1930 మే నెలలో రేవు పనిచేయు తెలుగు కూలీలు కూలి పెంచుమని సమ్మె కట్టిరి. ఓడల యజమానులు వారి స్థానమున బర్మా కూలీలను తెచ్చి పనిచేయించిరి. కొన్ని దినములకు సమ్మె పరిష్కారమయ్యెను. తెలుగువారు తిరిగి పనికి రాగా, యజమానులు బర్మావారిని పొమ్మనిరి. ఆకలితో వచ్చిన ఇరువురు పేదలు రేవు గట్టుమీద ఎదురుపడిరి. తగవు పెరిగి నగరమంతయు ప్రాకెను. నూటికి పైగా ప్రాణములు పోయెను. చచ్చినవారిలో అత్యధికులు తెలుగువారు. వడ్డీ తీసికొన్నవాడు చెట్టియారు, లాభము తీసినవాడు దొర, దెబ్బ తిన్నవాడు కోరంగీ. ఆ సంవత్సరాంతముననే సాయా సాన్ అను నాయకుని క్రింద బర్మా రైతులు తిరుగుబాటు చేసిరి. ప్రభుత్వము దానిని అణచి 1931 నవంబరులో ఆయనను ఉరితీసెను.

తరువాతి తరమున రంగూను విశ్వవిద్యాలయ విద్యార్థులు ముందునకు వచ్చిరి. 1936 సమ్మెలో ఆంగ్ సాన్, ఊ నూ అను యువకులు ప్రసిద్ధులైరి. దొరలను పిలుచు “తకిన్” అను మాటను వారు తమ పేర్లకు ముందు చేర్చుకొని, ఈ దేశమునకు దొరలము మేమే యని చాటిరి. ఇంతలో యుద్ధము వచ్చెను. 1941 డిసెంబరు 23న జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. 1942 మార్చిలో నగరము పడిపోయెను. ధనవంతులు ఓడలపై వెడలిరి. నాలుగైదు లక్షల భారతీయులు అడవులలో, కొండలలో, వానలలో నడచి మణిపురమునకును, అస్సాముకును, అరకాను మీదుగా చిట్టగాంగునకును వచ్చిరి. మలేరియా, కలరా, ఆకలి వేలకొలదిని త్రోవలోనే పొట్టన పెట్టుకొనెను. తెల్లవారికొక దారి, నల్లవారికొక దారి చూపిరని మన నాయకులు ఆనాడు నిరసించిరి. అదే సంవత్సరము ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడలపైనను జపాను బాంబులు పడెను. బర్మా బియ్యము రాకపోవుట 1943 వంగదేశపు కరవునకు గల కారణములలో నొకటి.

జపానువారితో కలిసి సైన్యము కట్టిన ఆంగ్ సాన్, వారి స్వాతంత్ర్యము వట్టి పేరేయని గ్రహించి 1945 మార్చి 27న వారిపై తిరుగబడెను. 1947 జనవరిలో లండను వెళ్లి ప్రధాని ఆట్లీతో ఒడంబడిక చేసికొనెను. ఫిబ్రవరి 12న పాంగ్‌లాంగ్ అనుచోట షాన్, కచిన్, చిన్ కొండజాతుల పెద్దలతో సమానహక్కుల మాట ఇచ్చెను. కాని 1947 జూలై 19న మంత్రివర్గ సమావేశములో ఉండగా తుపాకులవారు చొచ్చివచ్చి ఆయనను, సహచరులను కాల్చి చంపిరి. ఆయన వయస్సు ముప్పదిరెండు. 1948 జనవరి 4న, జ్యోతిష్కులు పెట్టిన ముహూర్తమున, తెల్లవారుజామున 4 గంటల 20 నిమిషములకు బర్మా స్వతంత్రమయ్యెను. ముహూర్తము మంచిదే. ఇచ్చిన మాట నిలుపగల మనిషి మాత్రము లేకపోయెను.

ఊ నూ ప్రధానియయ్యెను. సాధువు, బౌద్ధభక్తుడు. కమ్యూనిస్టులు, కరెన్ జాతివారు తిరుగుబాటు చేసిరి. రాజ్యము కొంతకాలము రంగూను చుట్టుప్రక్కలకే పరిమితమైనట్లుండెను. అయినను మూడు ఎన్నికలు జరిగెను, పత్రికలు స్వేచ్ఛగా వెలువడెను, ఊ థాంట్ వంటి బర్మీయుడు 1961లో ఐక్యరాజ్యసమితికి ప్రధాన కార్యదర్శి యయ్యెను. 1962 మార్చి 2న సేనాపతి నే విన్ ప్రభుత్వమును కూలద్రోసెను. ఆ జూలై 7న విద్యార్థులపై కాల్పులు జరిపించి, మరునాటి వేకువను విద్యార్థి సంఘ భవనమును మందుపాతరలతో నేలమట్టము చేయించెను. తుపాకి పట్టినవాడు మొదట భయపడినది చదువుకొను చోటునకే యని గమనింపుడు.

1963లో బ్యాంకులు, 1964లో దుకాణములు ప్రభుత్వపరమయ్యెను. 1964 మే నెలలో ఏబది, నూరు క్యాట్ల నోట్లు చెల్లవనిరి. లెక్కలు వ్రాయువానికి ఆ పగటి భయంకరత్వము తెలియును. ఒక జీవితపు కూడిక ఒక ప్రకటనతో సున్న యగును. లక్షలకొలది భారతీయులు, నగలు సైతము వెంట తెచ్చుకొన వీలులేక, ఓడలలో తిరిగివచ్చిరి. మదరాసులోని బర్మా బజారును, విశాఖపట్టణములోని బర్మా క్యాంపును వారు మిగిల్చిన గుర్తులు. 1930లో, 1942లో, 1964లో, ఏలిక యెవరైనను, కాలము మారినప్పుడెల్ల ఖర్చు వ్రాయబడినది ఆ కూలి పేరనే. నిలిచిపోయినవారి గతియు సుఖము కాలేదు. 1982 పౌరసత్వ చట్టము 1823కు ముందునుండి ఆ నేలపై నున్న జాతులవారినే జన్మతః పౌరులుగా ఎంచి, తక్కినవారిని తక్కువ మెట్లపై నిలిపెను. అయినను నేటికిని ఆ దేశమున తెలుగు కుటుంబములు కలవు.

తరువాతి కథ మీరు పత్రికలలో చదివినదే. 1988 ఆగస్టు 8న ప్రజలు వీధులలోనికి వచ్చిరి. వేలమంది హతులైరి. 1990 ఎన్నికలలో ఆంగ్ సాన్ కుమార్తె, ఢిల్లీలో చదువుకొన్న ఆంగ్ సాన్ సూకీ పక్షము 485 స్థానములలో 392 గెలిచెను. సైన్యము అధికారమీయలేదు. 2008 రాజ్యాంగము శాసనసభలలో నాలుగవ వంతు స్థానములు సైన్యమునకు కేటాయించెను. 2015లో గెలిచి 2016లో ఆమె పక్షము ప్రభుత్వము నేర్పరచెను. కాని 2017లో అరకాను రోహింగ్యాలు లక్షలకొలది తరుమబడినప్పుడు ఆమె సైన్యమును నిలదీయలేదు. 2020లో మరల గెలిచినను, 2021 ఫిబ్రవరి 1న సైన్యము ఆమెను నిర్బంధించి తిరిగి గద్దె నెక్కెను.

ఇందుండి మనము తీయవలసిన నిల్వ యేమి? బర్మా రైతు ఆగ్రహము అన్యాయమైనది కాదు. తన చెమటతో మడియైన నేల అప్పుల పత్రముమీద పరులపాలైనప్పుడు ఎవనికి కడుపు మండదు? 1946 మొదలు 1951 వరకు మన తాలూకాలలో మండినదియు ఆ మంటయే. మన దగ్గరను నెత్తురు చిందెను. కాని 1950 కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారు నొక గడిలో వ్రాసెను. అది చాలినంత కాకపోయినను, తగవు పుస్తకములోనికి ఎక్కెను. బర్మాలోనో, భూమి బాకీ తీర్చుకొనబోయి, ఏ భూమియు లేనివానిని ముందుగా కొట్టిరి. దూరముననున్న యజమాని చేతికందడు, దగ్గరనున్న కూలి అందును. ఇదియే ఆ చరిత్రములోని పెద్ద తప్పు పద్దు.

నేడు మిర్యాలగూడ ధాన్యపు మిల్లులలో బస్తాలు మోయుచున్నవారిని ఒకసారి చూడుడు. వారిలో అనేకులు బీహారు మొదలగు రాష్ట్రముల నుండి వచ్చినవారు. మన భాష రాదు, మన ఊరిలో చుట్టము లేడు. నాడు రంగములో తెలుగువాడు ఎట్లుండెనో నేడు వారిచ్చట అట్లున్నారు. కూలి తగ్గినదని, పని దొరకలేదని మన పిల్లలకు కోపము వచ్చిన దినమున, ఆ కోపము ఎవనిపై పడవలెనో తెలిసికొనుటకు ఈ చరిత్రము పనికివచ్చినచో నా శ్రమ ఫలించినట్లే. వారి పిల్ల యొకడు మన గ్రంథాలయపు గడప త్రొక్కినచో వానికొక కుర్చీ వేయుడు.

నే విన్ విద్యార్థుల భవనమును కూల్చెను. మనము ఇరువదియైదేండ్లుగా ఒక భవనమును నిలుపుకొంటిమి. ఈ భేదము చిన్నది కాదు. గ్రంథాలయ మాత వేయేండ్లు వర్ధిల్లుగాక!

స్వస్తి.